పదవీ విరమణ చేయని పరమాణువు

ఏ రేడియోధార్మిక మూలకపు అర్ధాయువునైనా, అంటే అందులో సగం పరమాణువులు మరో మూలకంగా మారిపోవడానికి పట్టే కాలాన్నైనా, కార్యాలయ విధానాలను కలుపుకొనే లెక్కించాలన్న సత్యాన్ని 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం లోకానికి సోదాహరణంగా వివరించింది. అక్కడి రసాయనశాస్త్ర విభాగంలో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం నింపిన, గామా కిరణాలు వెలువరించే యంత్రం ఒకటి 1985 నుంచి మూలన పడి ఉంది. వాడనిది పనిచేయదు, పనిచేయనిది ప్రమాదకరం కాదు, ప్రమాదకరం కానిది తుక్కు. ఇంత నిర్దుష్టమైన తర్కం ముందు భౌతికశాస్త్రం ఏపాటిది? ఆ ఫిబ్రవరిలో యంత్రాన్ని వేలం వేశారు.

లోపలి కోబాల్ట్‌కు మాత్రం ఈ తీర్మానం ప్రతి అందినట్టు లేదు. స్విచ్చు తీస్తే ఆగే పని కాదు దానిది. ప్రతి కేంద్రకమూ తన వంతు వచ్చినప్పుడు, ఎవరి సంతకం కోసమూ ఎదురుచూడకుండా, ఒక బీటా కణాన్నీ దాని వెంటే రెండు గామా కిరణాలనూ విడిచి నికెల్‌గా మారిపోతుంది. ఫలానా కేంద్రకం వంతు ఎప్పుడన్నది బ్రహ్మకైనా తెలియదు గాని, ఉన్నవాటిలో సగం 5.27 ఏళ్లలో మారిపోతాయన్నది ఖాయం. ఆ లెక్కన సగానికి సగం తరుగుతూ వచ్చినా, పాతికేళ్ల తర్వాత కూడా మొదటి దానిలో సుమారు 27వ వంతు మిగిలే ఉంటుంది. జమాఖర్చులు ఇంత నిక్కచ్చిగా రాసే గుమాస్తా ఆ ప్రాంగణంలో మరొకరు ఉండేవారా అన్నది నా సందేహం.

యంత్రం పశ్చిమ ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారుకు చేరింది. గామా కిరణాలను అడ్డగించే సీసమే తుక్కు వ్యాపారానికి విలువైన సరుకు కావడంతో, అక్కడివారు సహజంగానే కవచాన్ని విప్పారు. లోపలి లోహపు ముక్కలు చేతులు మారాయి. ఒకటి పర్సులోకీ చేరింది. మూలానికి దూరం రెట్టింపైతే సోకే కిరణాల తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుందని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవారంతా విశ్వవిద్యాలయంలోనే ఉండిపోయారు, ముక్క మాత్రం ఆ మాట ఎన్నడూ వినని మనిషి జేబులోకి వెళ్లింది. ఏప్రిల్ నాటికి చర్మం నల్లబడి, జుట్టు రాలి, పలువురు ఆసుపత్రి పాలయ్యారు. ఒకరు మరణించారు. అణు ప్రమాదాల అంతర్జాతీయ కొలమానంలో ఈ ఘటనది 4వ స్థాయి.

వాడుక ముగిసిన రేడియోధార్మిక పదార్థాన్ని అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతితోనే, అధీకృత స్థలానికే తరలించాలన్న నిబంధన ఆ వేలానికి ముందు నుంచే ఉంది. బహుశా దాన్ని కూడా చాలాకాలంగా ఎవరూ వాడకపోవడం వల్ల, అదే జాబితాలో తుక్కు కింద రాసేసి ఉంటారు.