కాఫీని వాణిజ్యానికి, రైలును విమానాలకు అప్పగించిన నిబంధనల వారికి

మహారాజరాజశ్రీ భారత ప్రభుత్వ కార్యకలాపాల కేటాయింపు నిబంధనలు, 1961 వారి సముఖమునకు బెంగళూరు తెలుగువాళ్ళం నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మంత్రుల పేర్లు అందరికీ తెలుసు, మీ పేరే ఎవరికీ తెలియదు. రాజ్యాంగం 53వ అధికరణం కార్యనిర్వాహక అధికారమంతా రాష్ట్రపతికిచ్చింది. 74వ అధికరణం సలహా చెప్పడానికి మంత్రిమండలిని పెట్టింది. ఏ పని ఎవరిదన్న పంపకం మాత్రం 77(3) కింద మీ నెత్తిన పడింది. 1961 జనవరి 14న మీరు పుట్టారు, అదే రోజున మీ కవలలైన కార్యకలాపాల నిర్వహణ నిబంధనల వారూ పుట్టారు. మీ మొదటి షెడ్యూల్లో శాఖల పేర్లుంటాయి, రెండో షెడ్యూల్లో ఎవరి వాటా ఏమిటో ఉంటుంది. ఇప్పటికి మీకు సవరణలు మూడు వందలు దాటాయి. ఇన్ని కుట్లు పడ్డాక అసలు గుడ్డ ఎంత మిగిలిందో మీకే తెలియాలి.

మా ఊళ్ళో సిల్క్ బోర్డు జంక్షన్‌లో ఇరుక్కున్న ప్రతివాడూ సిల్క్ బోర్డునే తిడతాడు. పాపం, ఆ ట్రాఫిక్‌తో దానికేం సంబంధం? 1948 చట్టంతో ఏర్పడిన కేంద్ర పట్టు మండలి అది, మీ లెక్కలో జౌళి శాఖ మనిషి. మల్బరీ తోట వేసేది రైతే, పురుగును మేపేదీ రైతే. అయినా చివరికి చీర అవుతుందన్న ముందుచూపుతో మీరు దాన్ని వ్యవసాయ శాఖ గడప తొక్కనివ్వలేదు.

అదే జంక్షన్ మీదుగా మెట్రో పసుపు లైను పోతుంది. ఆ మెట్రో సంస్థలో కేంద్రం వాటా సగం, దాని సంగతి చూసేది గృహ, పట్టణ వ్యవహారాల శాఖ. మిగతా సగం రాష్ట్రానిది. కానీ ఏ కొత్త లైనులోనైనా జనాన్ని ఎక్కించాలంటే ముందు మెట్రో రైలు భద్రతా కమిషనర్ చూసి సరేననాలి. ఆయన రైల్వే శాఖ మనిషి కాదు, పట్టణ శాఖ మనిషీ కాదు. పౌర విమానయాన శాఖ కిందికొస్తాడు! విన్నవాళ్ళు మీకు మతి పోయిందనుకుంటారు. మేం అనుకోం. 1941 దాకా రైల్వే తనిఖీదారులు రైల్వే బోర్డు కిందే పనిచేసేవారు. బండి నడిపేవాడూ, పట్టాలు తప్పితే విచారించేవాడూ ఒకే ఇంటివాళ్ళైతే నివేదిక ఎలా వస్తుందో వేరే చెప్పాలా? అందుకని వాళ్ళను తీసి అప్పటి తపాలా, వైమానిక శాఖలో పెట్టారు. వైమానికం పౌర విమానయానంగా మారేసరికి రైలు కూడా దాని రెక్క పట్టుకుని వెళ్ళిపోయింది. మీ పంపకాల్లో మాకు బాగా నచ్చింది ఇదే. అది మీరు పుట్టకముందే జరిగిందనుకోండి. మీరు కదపలేదు, అందుకైనా దండం.

మిగతావాటికి ఇంత న్యాయం కనబడదు. మా ఊరి దర్శిని అనే చిన్న హోటలు ముందు నిలబడి తాగే కాఫీనే చూడండి. గింజ వాణిజ్య శాఖది, కాఫీ బోర్డు ఇక్కడే అంబేడ్కర్ వీధిలో ఉంది. పాలు పశుసంవర్ధక, పాడి శాఖవి. చక్కెర ఆహార, ప్రజాపంపిణీ శాఖది. కల్తీ అని అనుమానమొస్తే ఆరోగ్య శాఖ కిందున్న ఆహార భద్రతా సంస్థ చూడాలి. గ్లాసు సంగతి వదిలేద్దాం, చల్లారిపోతుంది. ఇంతకన్నా రుచికరమైనది మా గుంటూరు పొగాకు. పంట చూసుకోవడానికి, ఎగుమతి పెంచడానికి గుంటూరులోనే పొగాకు బోర్డు పెట్టి వాణిజ్య శాఖకు అప్పజెప్పారు. అదే ఆకు సిగరెట్టై పెట్టెలోకి చేరితే, ఆ పెట్టె మీద 85 శాతం మేర భయపెట్టే బొమ్మ వేయించేది ఆరోగ్య శాఖ. పన్ను వసూలు చేసుకునేది రెవెన్యూ శాఖ. ముగ్గురి జీతాలూ ఒకే ఖజానా నుంచే వస్తాయి.

పంచిపెట్టడం మీ వంతు, కలపడం మీ కవలల వంతు. వాళ్ళ నాలుగో నిబంధన ప్రకారం ఒక విషయం రెండు మూడు శాఖలను తాకితే, అందరూ ఒప్పుకునేదాకా ఉత్తర్వు రాకూడదు. ఒప్పుకోకపోతే కేబినెట్ తేల్చాలి. డబ్బు ముడిపడితే ఆర్థిక శాఖ వేలు పెట్టాలి. చదవడానికి ముచ్చటగానే ఉంది. చిన్న తగువుకు కేబినెట్ దాకా పోవాలని ఎవరికీ ఉండదు కాబట్టి ఫైలు ‘అభిప్రాయం నిమిత్తం’ పక్క శాఖకు నడుస్తుంది. అక్కడ అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ నోట్ పెడతాడు. సెక్షన్ ఆఫీసర్, అండర్ సెక్రటరీ, డిప్యూటీ సెక్రటరీ లేదా డైరెక్టర్, జాయింట్ సెక్రటరీ మెట్లెక్కుతుంది. పై మెట్టు మీద ఎవరో ‘ప్లీజ్ డిస్కస్’ అని రెండు ముక్కలు గీకితే మళ్ళీ మొదటి మెట్టుకు దిగుతుంది. ఈ-ఆఫీస్ వచ్చాక కాగితం పోయింది, మెట్లు పోలేదు. ఇప్పుడు ఏ మెట్టు మీద ఎన్నాళ్ళు పడుకుందో తెరమీద కనబడుతుంది, అదొక్కటే లాభం.

దీనికి మందు మా ఊళ్ళోనే ఉంది. అంతరిక్ష శాఖకు మీరు మంత్రిత్వ శాఖ గొడవే పెట్టలేదు, నేరుగా ప్రధాని కిందే ఉంచారు. ఆఫీసు కూడా ఢిల్లీలో కాదు, ఇక్కడి అంతరిక్ష భవన్‌లో. శాఖ కార్యదర్శి, ఇస్రో అధ్యక్షుడు, స్పేస్ కమిషన్ అధ్యక్షుడు ముగ్గురూ ఒక్కరే. ప్రతిపాదించినాయనతో పరిశీలించినాయనకు పేచీ వస్తే అద్దం ముందు నిలబడితే చాలు.

2003లో రాజ్యాంగానికి 91వ సవరణ తెచ్చి మంత్రుల సంఖ్యను లోక్‌సభ బలంలో 15 శాతానికి కట్టేశారు. 543 మందికి ప్రధానితో కలిపి 81. శాఖల సంఖ్యకు మాత్రం ఎవరూ తాడు కట్టలేదు. అందుకే మంత్రి ఒక్కరు, ఆయన గుమ్మానికి శాఖల పేర్ల బోర్డులు నాలుగు. పేర్లు మార్చడానికీ అడ్డు లేదు. 1985లో విద్యాశాఖ మానవ వనరుల అభివృద్ధి శాఖ అయింది, 2020లో మళ్ళీ విద్యాశాఖ అయింది. 35 ఏళ్ళ తర్వాత పాత రబ్బరు స్టాంపు దాచుకున్న గుమాస్తా ఎవరైనా ఉంటే ఆయనకు సన్మానం చేయాలి.

మీతో పడలేక మేం ఒక ఉపాయం పట్టాం. ఫలానా పని ఏ శాఖదో తేలనప్పుడు పది రూపాయలు కట్టి, తోచిన శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెడతాం. తమది కాకపోతే 6(3) సెక్షన్ ప్రకారం అయిదు రోజుల్లో వాళ్ళే సరైన చోటికి పంపాలి. ‘మీది కాదు’ అని మాకు చెప్పడం తేలిక, ఎవరిదో కాగితం మీద రాయడం కష్టం. ‘ఎందుకు ఆలస్యం’ అని అడగం, దానికి జవాబు రాదు. ఫైలు నంబరు, నోట్ షీట్ల నకళ్ళు అడుగుతాం.

కాబట్టి తదుపరి సవరణలో రెండో షెడ్యూలు చివర ఒక్క వరుస చేర్చ ప్రార్థన: ఒక పని ఇద్దరిదైతే, జవాబు చెప్పాల్సింది వీరిలో ఫలానావారు.

చిత్తగించవలెను.

ఇట్లు,
సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న తెలుగువాళ్ళు

ప్రతులు: జౌళి శాఖకు, సమాచారం నిమిత్తం. పౌర విమానయాన శాఖకు, తగు చర్య నిమిత్తం. ఆర్థిక శాఖలోని ఆరు విభాగాలకు, ఇది తమది కాదని ధ్రువీకరించే నిమిత్తం.