డిశ్చార్జి చేసిన తరువాత కూడా ప్రాణం తీయగల ఆర్కేడ్ మానిటర్

నాణెం వేసి వీడియో గేములు ఆడే పాత ఆర్కేడ్ యంత్రాల మానిటర్ రిపేరు గురించి ఎవరు చెప్పినా, పిక్చర్ ట్యూబు మీది రబ్బరు మూత కింద నిలిచి ఉండే ఇరవై పాతిక వేల వోల్టులతోనే మొదలుపెడతారు. ఆ హెచ్చరిక అవసరమే. కానీ ట్యూబును డిశ్చార్జి చేయగానే, అంటే అందులో నిలిచిన ఛార్జిని ఖాళీ చేయగానే, ప్రమాదం తీరిపోయినట్టు చెప్పడం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది.

1980ల తొలినాళ్లలో అమెరికాలో పాక్‌మ్యాన్ వంటి యంత్రాలలో వాడిన ఎలక్ట్రోహోమ్ జీ07 మానిటర్నే తీసుకోండి. దానికి తప్పనిసరిగా ఉండవలసిన ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే సర్క్యూట్‌ను కరెంటు లైను నుంచి విడదీసేది, మానిటర్‌లో ఉండదు, క్యాబినెట్‌లో విడిగా ఉంటుంది. మానిటర్ను ఊడదీసి బల్ల మీదికి తెచ్చి, నేరుగా గోడ ప్లగ్గుకు తగిలిస్తే, మీరు చేయి పెట్టే సర్క్యూట్ గ్రౌండే కరెంటు లైనుతో కలిసిపోతుంది. మన ఊళ్లో 230 వోల్టులను 110కి దించడానికి వాడే ఆటో ట్రాన్స్‌ఫార్మర్ దీనికి పనికిరాదు. అది వోల్టేజీని తగ్గిస్తుందే తప్ప లైను నుంచి విడదీయదు.

రెండవ ప్రమాదం, ఛార్జిని నిలవ ఉంచుకునే పెద్ద ఫిల్టర్ కెపాసిటర్. ప్లగ్గు తీసేసినా అందులో 150 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు, పైగా మానిటర్ చచ్చిపడి ఉన్నప్పుడే, కరెంటును లాగేసుకునే సర్క్యూట్ పనిచేయదు కనుక, ఆ ఛార్జి మరింత సేపు నిలుస్తుంది. మల్టీమీటరుతో కొలిచి, రెసిస్టరు ద్వారా ఖాళీ చేసి, మళ్లీ కొలవనిదే నేను బోర్డును ముట్టుకోను.

ట్యూబు డిశ్చార్జి కూడా ఒక్కసారితో అయిపోయే పని కాదు. స్క్రూడ్రైవరుకు కట్టిన తీగ రెండవ కొసను ట్యూబు వెనుక నల్లపూతను ఆనుకుని ఉండే అల్లిక తీగకే తగిలించాలి గాని, ట్యూబు మెడకు తగిలించే నెక్ బోర్డు గ్రౌండుకు కాదు. ఒక చేయి వెనక్కి పెట్టుకుని, రబ్బరు మూత కిందికి మొనను మెల్లగా జరిపితే టప్పుమని చిన్న చప్పుడు వస్తుంది, ఒక్కోసారి రాదు. పది నిమిషాలాగి మళ్లీ చేయాలి, ఎందుకంటే గాజులో మిగిలిన ఛార్జి తిరిగి పైకి తేలుతుంది. ట్యూబు వెడల్పు భాగం కన్నా వెనుకనుండే సన్నని మెడ బలహీనం. ట్యూబును మెడ పట్టుకుని ఎత్తినప్పుడు అది విరిగితే, గాలి చొరబడి ట్యూబు దక్కదు.

నా దగ్గరికి వచ్చిన మానిటర్‌లో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పాత యజమాని అంతకన్నా పెద్ద ఫ్యూజు వేసి ఉంచారు. ఇంతకన్నా నన్ను బాధపెట్టే పని మరొకటి లేదు. మన టీవీ మెకానిక్కులు చిరకాలంగా వాడే సీరీస్ బల్బు ఇలాంటి చోటే అక్కరకు వస్తుంది. ఫ్యూజు స్థానంలో 100 వాట్ల బల్బు పెట్టి చూస్తే అది నిండుగా వెలిగింది, అంటే షార్టు ఇంకా ఉన్నట్టే. ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్ను నడిపే హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టరును ఊడదీసి కొలిస్తే కలెక్టరు, ఎమిటరు మధ్య దాదాపు సున్నా వచ్చింది. దాన్ని మార్చాక, ట్యూబుకు హై వోల్టేజీ ఇచ్చే ఆ ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే మనవాళ్లు ఈహెచ్‌టీ అనేది, దాని కాళ్లను భూతద్దంలో చూస్తే ఒక కాలి చుట్టూ వెంట్రుక మందాన నల్లటి వలయం కనిపించింది, అంటే అక్కడ టంకం పగిలిందన్నమాట. ఆ టంకాన్ని తీసి కొత్తగా వేశాను.

బొమ్మ మసకగా ఉందని బీ ప్లస్ వోల్టేజీని, అంటే మానిటర్ సర్క్యూట్‌కు అందే ప్రధాన డీసీ వోల్టేజీని, పెంచేవారికి ఒక మాట: అది పెరిగితే హై వోల్టేజీతో పాటు ఎక్స్‌రేలూ పెరుగుతాయి. నేను జీ07కు నిర్దేశించిన 120 వోల్టులకే సరిచేశాను. బల్బు ఒక్క క్షణం మెరిసి మందగించాకే దాన్ని తీసి, సర్క్యూట్ పటంలో రాసిన రేటింగు ఫ్యూజునే తిరిగి వేశాను.