గెలిచిన డిస్కుకూ గడువు దగ్గరపడింది

2008 ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తేసింది. డీవీడీ తర్వాతి తరం డిస్కుగా సోనీ పక్షపు బ్లూ-రేతో పోటీపడిన హెచ్‌డీ డీవీడీ ప్లేయర్లు ఇక చెయ్యబోమని ప్రకటించింది. బ్లూ-రే నెగ్గింది, సోనీ పంట పండిందని అందరూ రాశారు. ఆ గెలుపు దక్కించిన ఆయుష్షు ఎంత? ఒప్పో 2018లో ప్లేయర్ల వ్యాపారం వదిలేసింది. శాంసంగ్ 2019లో అమెరికాకు కొత్త మోడళ్ళు తేవడం మానేసింది. 2024 చివరికి ఎల్‌జీ కూడా తన ప్లేయర్లు ఆపింది. 2025 ఫిబ్రవరిలో సాక్షాత్తూ సోనీయే రికార్డు చేసుకునే ఖాళీ బ్లూ-రే డిస్కుల తయారీకి స్వస్తి చెప్పింది. చెన్నైలో డిస్కుల బీరువా ఉన్న తెలుగు కుటుంబం ఇవాళ ఉన్నది దాదాపు 2008లో హెచ్‌డీ డీవీడీ కొన్నవాడి స్థితిలోనే. ఏ ఫార్మాట్ గొప్పదన్న వాదన కట్టిపెట్టి, చదివే డ్రైవు బజారులో దొరుకుతుండగానే ఇంట్లో ఉన్నవన్నీ చదివించి పెట్టుకోవాలన్నది ఈ వ్యాసం వాదన.

ముందు ఆ పోటీ సంగతి. ఎందుకంటే అప్పుడు రెండు పక్షాలూ తీసుకున్న నిర్ణయాలే ఇప్పుడు మన బీరువాలో ఏది ముందు చచ్చిపోతుందో, దేన్ని బతికించవచ్చో తేలుస్తున్నాయి.

బ్లూ-రేను తొమ్మిది కంపెనీలు కలిసి ప్రకటించింది 2002 ఫిబ్రవరి 19న. తోషిబా ఓటమి ఒప్పుకున్నది సరిగ్గా ఆరేళ్ళకు, అదే తేదీన. రెండింటిలోనూ లేజరు ఒకటే: 405 నానోమీటర్ల నీలి-ఊదా కాంతి. డీవీడీది 650 నానోమీటర్ల ఎరుపు. తేడా అంతా సమాచారం ఉన్న పొర ఎంత లోతున ఉందన్నదాంట్లో. హెచ్‌డీ డీవీడీలో అది డీవీడీలో లాగే 0.6 మిల్లీమీటర్ల లోపల, డిస్కు మందానికి నడుమ ఉంటుంది. బ్లూ-రేలో పైనుంచి 0.1 మిల్లీమీటరే. పొర పైకి వస్తే కటకాన్ని దగ్గరగా పెట్టి కాంతిని ఇంకా సన్నని చుక్కగా కూర్చవచ్చు. అందుకే గాడికీ గాడికీ మధ్య దూరం హెచ్‌డీ డీవీడీలో 0.40 మైక్రాన్లు, బ్లూ-రేలో 0.32. ఒక పొరకు 15 జీబీ, 25 జీబీ. రెండు పొరలకు 30, 50.

దీనికి రెండు పక్షాలూ మూల్యం చెల్లించాయి. నిర్మాణం డీవీడీదే కావడంతో హెచ్‌డీ డీవీడీని పాత డీవీడీ ఫ్యాక్టరీలోనే చిన్న మార్పులతో అచ్చు వెయ్యొచ్చు. బ్లూ-రేకు కొత్త యంత్రాలు కావాలి. పైగా 0.1 మిల్లీమీటరు పొర మీద గోరు గీసినా ప్రమాదమే కనుక మొదట్లో బ్లూ-రే రికార్డింగు డిస్కులు ప్లాస్టిక్ పెట్టెలో బిగించి వచ్చేవి. టీడీకే గట్టి పూత కనిపెట్టాక ఆ పెట్టె పోయింది.

ఇక్కడ తెలుగు ప్రేక్షకుడి లెక్క హాలీవుడ్ లెక్కకు భిన్నం. 100 నిమిషాల ఇంగ్లిషు సినిమాను 30 జీబీలో పరిస్తే సెకనుకు 40 మెగాబిట్లు వస్తాయి. బొమ్మకూ శబ్దానికీ కలిపి హెచ్‌డీ డీవీడీ అనుమతించే పరిమితే 30 దగ్గర. అంటే వాళ్ళకు 30 జీబీ పుష్కలం. మన సినిమా 2 గంటల 45 నిమిషాలనుకుందాం, 9,900 సెకన్లు. 30 జీబీలో సగటున 24 మెగాబిట్లు, 50 జీబీలో 40. ఇందులో నష్టం లేని 5.1 శబ్దానికి మూడు, నాలుగు పోతాయి. మిగిలిన ఇరవైతో మాటల సీన్లు హాయిగా గడిచిపోతాయి. వంద మంది డాన్సర్లు, గులాల్, వాన, ఫౌంటెన్లు కలిసిన పాట వచ్చిందా, తెర మీద ప్రతి చుక్కా ప్రతి ఫ్రేములోనూ మారిపోతుంది. అక్కడ బొమ్మను కుదించే ఎన్‌కోడరుకు ఊపిరాడదు. రంగుపొడి మేఘం గళ్ళు గళ్ళుగా విడిపోవడం, ఎర్ర పట్టుచీర అంచు పాకినట్టు కదలడం చూశారంటే అది బిట్లు చాలని జబ్బే. మూడు సినిమాలు ఒకే డీవీడీలో కుక్కి అమ్మిన రోజుల్లో 8.5 జీబీ డిస్కు మీద ఎనిమిదింబావు గంటలు, అంటే సెకనుకు 2.3 మెగాబిట్లు. ఆ డిస్కుల్లో పాటలు అలా ఉండటంలో వింతేమీ లేదు. కాబట్టి నిడివి ఎక్కువున్న సినిమాలు తీసే మనకు పెద్ద డిస్కు గెలవడమే మంచిదయింది.

అయితే గెలిచింది ఆ కారణంగా కాదు. ప్లేస్టేషన్ 3 ఒక కారణం: 2006 నవంబరు నుంచి ఆట కోసం కొన్న ప్రతి ఇంట్లోనూ బ్లూ-రే ప్లేయరు ఉచితంగా చేరినట్టయింది. తోషిబా మాత్రం 2007 నవంబరులో అమెరికాలో ప్లేయరును వంద డాలర్లకు దించి అమ్మించినా లాభం లేకపోయింది. అసలు దెబ్బ 2008 జనవరి 4న పడింది. ఇక నుంచి బ్లూ-రే మాత్రమే అని హాలీవుడ్ స్టూడియో వార్నర్ ప్రకటించింది. అప్పట్లో డిస్కులు అద్దెకిచ్చే నెట్‌ఫ్లిక్స్, వాటిని అమ్మే వాల్‌మార్ట్ ఆరు వారాల్లో అదే దారి పట్టాయి. స్టూడియోలకు బ్లూ-రేలో నచ్చినవాటిలో కాపీ చెయ్యనివ్వని తాళాలూ ఉన్నాయి. ఏఏసీఎస్ తాళం రెండింటికీ ఉంది. బ్లూ-రేకు దాని మీద బీడీ ప్లస్ అనే ఇంకోటి, అది కాక డిస్కు ఏ ప్రాంతపు ప్లేయరులో ఆడాలో కట్టడి చేసే రీజియన్ కోడ్.

రీజియన్ దగ్గరే మనం ఓడిపోయాం. హెచ్‌డీ డీవీడీకి రీజియన్ లేదు. బ్లూ-రేలో అమెరికా 'ఏ', ఐరోపా 'బీ', ఇండియా 'సీ'. అమెరికాలో ఉన్న మేనల్లుడు చెన్నై మాంబళంలోని మేనమామకు పంపిన 'ఏ' రీజియన్ డిస్కు ఇక్కడ కొన్న ప్లేయరులో ఆడదు. ఇక్కడి ప్లేయరు అక్కడికి తీసుకెళ్ళినా అదే కథ. సగం బంధువులు సముద్రం అవతల ఉన్న జాతికి ఇంతకంటే పనికిమాలిన ఏర్పాటు ఉండదు. 2016లో వచ్చిన 4కే బ్లూ-రేకు రీజియన్ తీసేశారు. ఓడినవాడి పద్ధతే చివరికి గెలిచినవాడికి దిక్కయింది.

ఇప్పుడు "అన్నీ ఓటీటీలో ఉన్నాయిగా" అనేవారికి. హెచ్‌డీ స్ట్రీమ్ సాధారణంగా సెకనుకు 10 మెగాబిట్ల లోపే. ఓటీటీలో సినిమా ఉండేది ఒప్పందం ఉన్నన్నాళ్ళే. కోడంబాక్కంలో తీసిన పాతకాలపు తెలుగు సినిమాలు వెతికి చూడండి, కొన్ని దొరకవు, దొరికిన వాటిలో కొన్నింటికి పాటలు కోసేసి ఉంటాయి. ఇక మీ చెల్లెలి పెళ్ళి, అబ్బాయి ఒడుగు ఏ ఓటీటీలోనూ రావు.

అందుకే మొదట కాపీ చెయ్యాల్సింది సినిమాల్ని కాదు, వీడియోగ్రాఫరు రాసిచ్చిన డీవీడీ-ఆర్‌లను. దుకాణంలో కొన్న సినిమా డిస్కులో సమాచారం ప్లాస్టిక్‌లో అచ్చయిన గుంటలు. డీవీడీ-ఆర్‌లో అది ఒక సేంద్రియ రంగు మీద లేజరు పెట్టిన మచ్చ. అడుగున ఊదాగా కనిపించేది ఆ రంగే. వేడికీ వెలుగుకూ అది మారుతుంది. ఖాళీ బ్లూ-రేల్లోనూ రెండు రకాలున్నాయి. ఖనిజ పొర ఉన్న హెచ్‌టీఎల్ కొంత నమ్మకం. డబ్బా మీద ఎల్‌టీహెచ్ అని ఉంటే అదీ రంగు మీద రాసిందే కనుక దాన్ని డీవీడీ-ఆర్‌తో పాటే వరసలో ముందుకు జరపండి.

తర్వాత వీసీడీలు. మామూలు డేటా సీడీలో ఒక్కో ముక్కకు 2,048 బైట్లు వాడి, తప్పులు సరిదిద్దుకోవడానికి 276 బైట్లు విడిచిపెడతారు. వీసీడీలో సినిమా ఎక్కువ పట్టాలని ఆ 276నూ లాక్కుని 2,324 చేశారు. అందుకే అదే గీత డేటా సీడీని ఏమీ చెయ్యదు, వీసీడీని ఆపేస్తుంది. అందులో AVSEQ01.DAT అని కనిపించే సినిమా ఫైలును మౌసుతో లాగి కాపీ చేస్తే గీత దగ్గర తప్పు చూపించి మొత్తం ఆగిపోతుంది. ఐసోబస్టర్ లాంటి సాఫ్ట్‌వేరుతో, చెడిన ముక్కల్ని దాటుకుంటూ పొమ్మని చెప్పి తీయాలి. బొమ్మ అర సెకను చెదిరి మళ్ళీ నిలబడుతుంది.

డీవీడీలకూ బ్లూ-రేలకూ డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేరు సరిపోతుంది, ఉచితం. ముక్క పరిమాణం 2,048 అని పెట్టి, మొదటి విడతలో చెడ్డచోట్ల పట్టుబట్టవద్దని చెప్పండి. తేలికగా వచ్చేదంతా ముందు బయటికి రావాలి. రెండో విడతలో మిగిలిన చోట్ల మూడుసార్లు ప్రయత్నించమనండి. ఏ ముక్కలు వచ్చాయో, ఏవి రాలేదో అది రాసుకునే మ్యాప్ ఫైలును చెరపవద్దు. ఒక డ్రైవు చదవలేని ముక్కను వేరే కంపెనీ డ్రైవు చదవగలదు. అదే మ్యాప్ ఫైలు ఇస్తే రెండో డ్రైవు మిగిలినవాటినే వెతుక్కుంటుంది. నాలుగింతల వేగంలో 4.7 జీబీ డిస్కుకు పావుగంట పడుతుంది. 50 జీబీ బ్లూ-రేకు రెండింతల వేగంలో గంటన్నర.

డిస్కు పెట్టగానే ఖాళీ అని చూపిస్తే పారెయ్యకండి. క్యామ్‌కార్డరులోని 8 సెంటీమీటర్ల చిన్న డిస్కులు చాలావరకు ఫైనలైజ్ చెయ్యకుండా, అంటే వేరే ప్లేయర్లు చదివేలా రికార్డింగు ముగించకుండా, వదిలేసినవి. కెమెరా ఇంకా పనిచేస్తుంటే అందులోనే పెట్టి ఫైనలైజ్ చెయ్యండి, లేకపోతే ఐసోబస్టర్. ఆ చిన్న డిస్కును మాత్రం, ట్రే లేకుండా డిస్కును లోపలికి లాక్కునే డ్రైవులో పెట్టకండి; బయటికి రాదు.

శుభ్రం చెయ్యడంలో ఆ పాత 0.1, 0.6 తేడా మళ్ళీ ఎదురవుతుంది. ఏ డిస్కునైనా మెత్తని గుడ్డతో నడిమి నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. గాడిని అడ్డంగా కోసిన గీతను సరిదిద్దే కోడు తట్టుకుంటుంది, గాడి వెంట పొడవుగా సాగినదాన్ని తట్టుకోలేదు. జిడ్డుంటే మంచినీళ్ళలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు చాలు. గోళ్ళరంగు తుడిచే ద్రవం తగిలితే ప్లాస్టిక్ తెల్లబడిపోతుంది. గీతలు పడిన డీవీడీని మెషీన్ మీద కొద్దిగా అరగదీయించవచ్చు, పైన 0.6 మిల్లీమీటర్లు ఉంది కాబట్టి. బ్లూ-రేను అరగదీస్తే గట్టి పూత పోతుంది, దాంతో డిస్కూ పోతుంది. సీడీ, వీసీడీలకు ప్రమాదం రెండో వైపు: సమాచారం బొమ్మ ఉన్న వైపు లక్క పూత కిందే ఉంటుంది, అతికించిన స్టిక్కరు పీకితే పొర ఊడివస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నై చెమ్మలో ప్లేయరు కటకం మీద బూజు పడుతుంది. డిస్కు బాగుండీ ఆడకపోతే ముందు ఆ కటకాన్ని అనుమానించండి.

డ్రైవు కొనడానికి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దొరికే రిచీ స్ట్రీట్‌కు వెళ్ళేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. యూఎస్‌బీకి తగిలించే సన్న బ్లూ-రే డ్రైవు తిరగడం మొదలుపెట్టేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది. ల్యాప్‌టాప్ పోర్టు బలహీనమైతే డిస్కు రెండు చుట్లు తిరిగి డ్రైవే మాయమైపోతుంది. కరెంటు విడిగా ఇచ్చే హబ్బు పెడితే కుదురుతుంది. పెద్ద డెస్క్‌టాప్ డ్రైవును యూఎస్‌బీ తీగతో కలపాలంటే 12 వోల్టుల అడాప్టరు ఉన్న తీగే అడగండి, చిన్న హార్డ్‌డిస్కులకిచ్చే తీగ దాన్ని తిప్పలేదు. రీజియన్ సంగతి: డీవీడీకి డ్రైవు స్వయంగా లెక్క పెట్టుకుని ఐదుసార్లు మాత్రమే మార్చనిస్తుంది, బ్లూ-రేకు చూసేది డ్రైవు కాదు, ఆడించే సాఫ్ట్‌వేరు. 4కే డిస్కుల్ని కంప్యూటరులో సక్రమంగా చూడాలనుకుంటే కొత్త ఇంటెల్ ప్రాసెసర్లు కొనకండి. వాటికి కావలసిన ఎస్‌జీఎక్స్ అనే భాగాన్ని ఇంటెల్ తీసేసింది.

పెళ్ళి డిస్కులకు తాళం ఉండదు, వాటిని కాపీ చేసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. సినిమా డిస్కుల మాట వేరు: 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన 65ఏ సెక్షన్ ప్రకారం హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొట్టడం నేరం. మన తెలుగు సంఘం తరఫున సామూహికంగా సినిమాలు కాపీ చేసి పంచే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోవాలి.

సంఘం చెయ్యగలిగింది ఒకటుంది: వేర్వేరు కంపెనీలవి రెండు బ్లూ-రే డ్రైవులు, అడాప్టరుతో సహా కొని, పుస్తకాల్లాగే సభ్యులకు రెండు వారాల చొప్పున అరువివ్వడం. ఇంట్లో 4.7 జీబీ డీవీడీలు 200 ఉన్నా మొత్తం 940 జీబీ దాటదు, ఒక టెరాబైటు హార్డ్‌డిస్కులో పడుతుంది. అలాంటివి రెండు కొని, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఉంచండి. డ్రైవులకు చెల్లించే డబ్బు ఈ ఏడాదే మంజూరు చెయ్యాలి, వచ్చే ఏడాదికి అవే మోడళ్ళు దొరుకుతాయన్న పూచీ ఏ దుకాణదారూ ఇవ్వడు.