మామగారి ముక్కు

నీటిరంగుల్లో మనిషి ముఖం వేయడానికి కొంత ధైర్యం కావాలి. వేసినదాన్ని రెండొందలమంది బొమ్మల పిచ్చివాళ్ళున్న వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఎలా ఉంది?" అని అడగడానికి ధైర్యం ఒక్కటే చాలదు, రిటైర్మెంటు కూడా కావాలి. రాజమండ్రిలో ఒక అల్లుడుగారికి ఈ రెండూ ఒకే ఏడాది అమరాయి.

ఊరు కూడా అలాంటిదే. 28 ఏళ్ళైనా నిండకుండానే పోయిన చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) బొమ్మలు ఆయన పేరిటి ఆర్ట్ గ్యాలరీలో ఇప్పటికీ ఉన్నాయి. ఒక ఆదివారం వాటిని చూసొచ్చి, 61వ ఏట అల్లుడుగారు పన్నెండు ట్యూబుల రంగుల డబ్బా, నాలుగు కుంచెలు, ఒక ఏ4 ప్యాడ్ కొన్నారు. సందర్భం కూడా ఎదురుగానే ఉంది. వచ్చే నెల మామగారి సహస్ర చంద్ర దర్శనం. శాలువాలు అందరూ కప్పుతారు, బొమ్మ ఎవరిస్తారు?

బొమ్మలు రంగుల దగ్గర చెడతాయని లోకం అనుకుంటుంది. ఇది ఫోటో దగ్గరే చెడింది. మామగారి ఫోటో కావాలంటే మనవడు తాతయ్య పక్కన చేరి సెల్ఫీ తీసి పంపాడు. సెల్ఫీ అంటే ఫోను అర మీటరు దూరంలో ఉంటుంది. ముక్కు కొన ఏమో చెవులకన్నా పది సెంటీమీటర్లు ముందుకు ఉంటుంది. అర మీటరులో పది సెంటీమీటర్లంటే అయిదో వంతు. ముక్కు అంత మేరా పెద్దదై, చెవులు సిగ్గుపడి వెనక్కి పోతాయి. అదే రెండు మీటర్ల దూరంలో నిలబడి జూమ్ రెండు చేసి తీస్తే ఆ పది సెంటీమీటర్లు ఇరవయ్యో వంతే. ముఖం ముఖంలా వస్తుంది. పిల్లవాడికి ఇదెవరు చెప్తారు? పైగా వాడి దృష్టంతా సెల్ఫీలో తన జుట్టు ఎలా వచ్చిందా అన్న దానిమీదే ఉంది.

అందులోంచి తాతయ్యని కత్తిరించి, ఫోటో స్టూడియోలో 4×6 అంగుళాల ప్రింటు తీయించారు. ప్రింటు మీద సెంటీమీటరు గళ్ళు, కాగితం మీద రెండు సెంటీమీటర్ల గళ్ళు. ఇది పాత పద్ధతి, మంచి పద్ధతి, సినిమా బ్యానర్లు రాసినవాళ్ళు కూడా నమ్ముకున్న పద్ధతి. ప్రింటు ఎత్తు సుమారు 15 సెంటీమీటర్లు, అంటే పదిహేను గళ్ళు. కాగితం మీద 30 సెంటీమీటర్లు కావాలి. ఏ4 కాగితం ఎత్తు 29.7. దాన్ని అట్టకి అంటించడానికి పైనా కిందా సెంటీమీటరు చొప్పున మాస్కింగ్ టేపు వేశారు. మిగిలింది 27.7.

బ్యాంకులో 34 ఏళ్ళు పనిచేసి పైసా తేడా వస్తే రాత్రి ఎనిమిదింటిదాకా కూర్చున్న మనిషికి ఈ 2.3 సెంటీమీటర్ల లోటు కనిపించలేదు. గడ్డం దగ్గర మొదలెట్టి గడి గడీ పైకి నింపుకుంటూ వెళ్ళారు. గడ్డం కుదిరింది, పెదాలు కుదిరాయి, కళ్ళు కుదిరాయి. పై రెండు వరసలకి వచ్చేసరికి నాలుగు సెంటీమీటర్లు కావలసినచోట ఒకటిన్నర పైచిలుకే ఉంది. "పైనంతా బట్టతలే కదా, గీసేదేముంది" అని ఆ రెండు వరసల్నీ ఆ చోట్లోనే సర్దేశారు. అల్లుడుగారు మామగారికి చేసిన మొదటి అన్యాయం అది.

తరవాత రంగు. డబ్బాలో 'ఫ్లెష్ టింట్' అని ఒక ట్యూబు ఉంది. ఆ ఒంటి రంగు గలవాళ్ళు ఉభయ గోదావరి జిల్లాల్లో ఎక్కడా తారసపడరు. అందులో తెలుపు కలిపి ఉంటుంది కనుక పూత పారదర్శకంగా ఉండదు, పౌడరు రాసినట్టు తేలుతుంది. మన ఎండలో మాగిన చర్మానికి బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగులో కాస్త యెల్లో ఆకర్ అనే పసుపు మట్టిరంగు, నీడకి అందులోనే అల్ట్రామెరీన్ నీలం కలిపితే సరి. అల్లుడుగారు నీడకి నలుపు వాడారు. నలుపు కలిపిన నీడ నీడలా ఉండదు, మసి అంటినట్టుంటుంది.

నెల మే. నడినెత్తిన ఫ్యాను. నుదుటి మీద మొదలుపెట్టిన పూత గడ్డం చేరేలోపు నుదురు ఆరిపోతోంది. ముఖం మొత్తాన్ని ఒక్క ఊపులో పూయడానికి పదో నంబరు కుంచె ఉండాలి. ఆయన చేతిలో ఉన్నది నాలుగోది, దానితో పెరటి గోడకి సున్నం వేస్తున్నట్టు ఉంది పని. ఫ్యాను ఆపారు. చెమట బొట్టు ఒకటి మామగారి కుడి బుగ్గ మీద పడింది. పూత అప్పటికి సగం ఆరింది. సగం ఆరిన పూతలో నీటి బొట్టు పడిందా, రంగుని చుట్టూ అంచులకి తోసేసి తాను మధ్యలో తెల్లగా కూర్చుంటుంది. ఆరాక అంచులు చిలవలు పలవలుగా కనిపిస్తాయి. అందుకే దాన్ని కాలీఫ్లవర్ అంటారు. పూతని ఏటవాలుగా చూస్తే నీటి మెరుపు ఉన్నంతసేపూ ఇంకా రంగు కలపొచ్చు. మెరుపు పోయి తడి మిగిలినప్పుడు చేతులు కట్టుకోవాలి. అరచేతి వెనకవైపు ఆనించి చూస్తే చల్లగా ఉందంటే ఇంకా ఆరలేదనే. అల్లుడుగారు చేతులు కట్టుకోలేదు. బొట్టుని తుడుద్దామని తువ్వాలు తెచ్చారు.

"ఏవండీ, నాన్న బుగ్గమీద అదేమిటి?" అన్నారు భార్య, కాఫీ గ్లాసు బల్ల మీద పెడుతూ.

"వెలుగు."

"వెలుగైతే మరి అంచుల్లో దుమ్ముందేం?"

ఆ మాట అక్కడితో ఆగినా బాగుండేది. కాఫీ గ్లాసనుకుని కుంచెలు కడిగే గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగడం వల్ల చర్చ ముందుకు సాగలేదు. నీటిరంగులు వేసే ప్రతివాళ్ళ జీవితంలోనూ ఈ గుక్క ఒకటి రాసిపెట్టి ఉంటుంది.

ఇక బొమ్మని గ్రూపులో పెట్టాలి. రాత్రి తొమ్మిదింటికి ట్యూబులైటు కింద, బొమ్మని మంచం మీద పడుకోబెట్టి, గడ్డం వైపు నిలబడి, ఫోను వంచి తీశారు. గడ్డం ఫోనుకి దగ్గర, నెత్తి దూరం. అంటే కాగితం పైకి పోయేకొద్దీ సన్నబడి, మిగిలిన కాస్త నెత్తీ ఇంకొంత తగ్గింది. ఫోను నీడ ఎడమ చెవిని మింగేసింది. తెల్ల కాగితాన్ని చూసి కెమెరా తనంతట తాను వెలుతురు తగ్గించుకుంటుంది కనుక మామగారు బూడిదరంగుకి తిరిగారు. పగలు, వరండాలో, ఎండ నేరుగా పడనిచోట, బొమ్మని గోడకి ఆనించి, ఫోనుని దానికి సమాంతరంగా దాని మధ్యభాగం ఎత్తులో పట్టుకుని, మీటరు పైన దూరం నుంచి తీయాలి. తెలుపు మసకేస్తే తెర మీద వేలు పెట్టి కాస్త వెలుగు పెంచాలి. గ్రూపుకి పంపేటప్పుడు ఫోటోలా కాక డాక్యుమెంటుగా పంపితే వాట్సాప్ దాన్ని నలిపి చిన్నది చేయదు. ఇవన్నీ ఆయనకి మర్నాడు తెలిశాయి.

బొమ్మ కింద "ఎలా ఉంది?" అని రాశారు. అలా అడిగితే వచ్చేవి ఏమిటో తెలిసిందే. మొదటి పది నిమిషాల్లో తొమ్మిది "సూపర్"లు, నాలుగు చప్పట్లు, రెండు నమస్కారాలు. "బాపు గీత గుర్తొచ్చిందండీ" అన్నారొకరు. బాపు ఒక్క గీతలో తేల్చేసే ముక్కుకి ఇక్కడ పదకొండు గీతలున్నాయి. "బుగ్గ మీద మేఘం బాగా కుదిరింది, కాకపోతే అది ఆకాశంలో వేయాల్సింది" అన్నారు ఇంకొకరు, ఆయనకి స్నేహితులు తక్కువ. ఒకాయన మాటా పలుకూ లేకుండా తాను వేసిన పాపికొండలు పెట్టారు. ఆ తరవాత ఓ పావుగంట అందరూ పాపికొండల్ని మెచ్చుకున్నారు.

పదిన్నరకి అసలు మాట పడింది: "ముక్కు కొంచెం పొడుగైందేమో."

అంతే. అప్పటిదాకా "సూపర్" అన్నవాళ్ళందరికీ ముక్కు కనిపించడం మొదలైంది. "నేనూ అదే అందామనుకున్నా." "ముక్కు తగ్గిస్తే జీవం వస్తుంది." అల్లుడుగారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక్కడో మాట చెప్పుకోవాలి. చూసేవాళ్ళు తప్పు ఉందని చెప్తే దాదాపు ఎప్పుడూ నిజమే. తప్పు ఎక్కడుందో చెప్తే మాత్రం చాలాసార్లు పక్కింటి తలుపు తడతారు. కాలు లాగుతోందంటే డాక్టరు నడుములో నరం వెతుకుతాడు. అలాగే బొమ్మలో ముక్కు పొడుగనిపిస్తే కొలవాల్సింది మొదట నెత్తిని. కానీ పొద్దున్న అయిదింటికి ఎవరు కొలుస్తారు? అల్లుడుగారు తడి కుంచెతో ముక్కు కొనని రుద్ది చెరిపి, సెంటీమీటరు పైకి ఇంకో ముక్కు కొన పెట్టారు.

చెరపడం అంత తేలిక కాదు. నూలు కాగితమైతే కొంత ఓర్చుకుంటుంది. ఆ ప్యాడ్‌లోది కలప గుజ్జు కాగితం, రెండోసారి రుద్దేసరికే నలుగు పెట్టిన వీపులా ఉండలుండలుగా లేచింది. రంగు కొంత పోయినా పెన్సిలు గీత పోలేదు. నీటిరంగులో తుమ్మబంక లాంటి జిగురు ఉంటుంది. గీత మీద ఒకసారి రంగు పూస్తే ఆ జిగురు గీతని పట్టేస్తుంది, ఇక రబ్బరు పనిచేయదు. పాత ముక్కు కింద నీడ, పాత గీతలు, లేచిన కాగితం పొట్టు, వాటిలో ఇంకిన నలుపు, అన్నీ కలిసి కొత్త ముక్కుకీ పై పెదవికీ మధ్య నల్లగా గుబురుగా నిలిచాయి.

బొమ్మ మళ్ళీ గ్రూపుకి వెళ్ళింది. మొదటి స్పందన: "మీసం అదిరింది!"

మామగారికి పుట్టి బుద్ధెరిగాక మీసం లేదు.

నలభై ఒకటో మెసేజీ ఒక డ్రాయింగు టీచరమ్మది. రెండు గుడ్ మార్నింగ్ గులాబీల మధ్య ఇరుక్కుపోయి ఉంది. ఆవిడ బొమ్మ ఫోటో మీదే ఎర్రగీతలు గీసి పంపారు. "బాబుగారూ, ముక్కు జోలికి వెళ్ళకండి. నెత్తి నుంచి గడ్డానికి సరిగ్గా సగంలో కళ్ళుండాలి. మీ కాగితం మీద స్కేలు పెట్టి కొలవండి. కళ్ళ కింద ఎంత, పైన ఎంత?"

కొలిచారు. కింద 11.5. పైన 9.2.

"ఆ తేడా అంతా నెత్తే. పై భాగం తగ్గితే కింద ఉన్నవన్నీ పొడుగ్గా కనిపిస్తాయి, వాటిలో మధ్యన ఉన్న పాపానికి నింద ముక్కు మోసింది. ఈసారి పెన్సిలుతో గీసినప్పుడే, రంగు ఎక్కకముందే, పక్కన అసలు ఫోటో కూడా పెట్టి పంపండి. 'ఎలా ఉంది' అనకండి. 'కళ్ళు సగంలోనే ఉన్నాయా' అనడగండి. ఫోన్లో బొమ్మని కుడి ఎడమలు తిప్పి చూసుకోండి, తప్పు మీకే కనపడుతుంది."

తిప్పి చూసుకున్నారు. అద్దంలో ఎవరో కొత్తాయన కనిపించారు. ఇంకో కాగితం మీద మొదటినుంచి వేద్దామంటే ఫంక్షను ఎల్లుండి. ఫ్రేము కట్టేవాడికి ఒకరోజు కావాలి. కాగితం పూర్తిగా ఆరకుండానే టేపుని నిటారుగా పీకితే కాగితం మూల ఊడొచ్చింది. దాన్ని ఫ్రేములో మౌంటు అట్ట కప్పేసింది. మీసాన్ని ఏ అట్టా కప్పలేదు.

ఫంక్షను రోజు, భోజనాలయ్యాక, రంగుకాగితం విప్పి బొమ్మ మామగారి ఒళ్ళో పెట్టారు. ఆయన కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. హాల్లో గ్లాసుల చప్పుడు కూడా ఆగింది.

"అల్లుడుగారూ, వీడెందుకొచ్చాడిక్కడికి?"

"ఎవరండీ మావయ్యగారూ?"

"మా తమ్ముడు. ఆ మీసం చూడండి. ఆ ముక్కు చూడండి. అచ్చం వాడే."

సరిహద్దు గట్టు మీది కొబ్బరిచెట్టు ఎవరిదన్న విషయమై అన్నదమ్ములిద్దరికీ పందొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. అల్లుడుగారి మొహంలో ఏ ట్యూబులోనూ దొరకని రంగొకటి వచ్చింది. భార్య ఆయన వంక చూసిన చూపుని వర్ణించడం ఇక్కడ అనవసరం.

మామగారు మాత్రం బొమ్మ కింద పెట్టలేదు. చాలాసేపు చూశారు. బుగ్గమీది కాలీఫ్లవరు దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ చిన్నప్పుడు వాడు చెట్టుమీంచి పడ్డాడు. మచ్చ కూడా వేశారే" అన్నారు. కాసేపాగి, "దీన్ని ఫోటో తీసి వాడికి పంపడం కుదురుతుందా?" అన్నారు.

ఈసారి వరండాలోకి తీసుకెళ్ళి, గోడకి ఆనించి, మీటరు దూరం నుంచి, ఫోను వంచకుండా తీశారు. డాక్యుమెంటుగానే పంపారు.

"కింద ఏం రాయమంటారు?"

"ఏమీ రాయకండి."

నీలం టిక్కులు వెంటనే పడ్డాయి. జవాబు రావడానికి అరగంట పట్టింది.

"అన్నయ్య మీసం పెంచాడా? బాగుంది. ముక్కే కొంచెం పొడుగైంది."