తగుమాత్రం సైన్సు

ఆడపిల్లలు సైన్సులోకి రావాలి. ఈ మాట మొన్న ఫిబ్రవరి 28న, సైన్స్ డే నాడు, బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో మైకు పట్టుకుని నేనే చెప్పాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

వెనక ఫ్లెక్సీ మీద ఇస్రో మహిళల ఫొటో. అదే, 2014లో మంగళయాన్ కక్ష్యలోకి చేరినప్పటిది. పట్టుచీరలు, తలలో పూలు. ఆ ఫొటో మనవాళ్ళకి ఎందుకంత నచ్చిందో నాకు తెలుసు. అంగారకుడి దాకా వెళ్ళినా చీర కుచ్చిళ్ళు చెదరలేదు.

ఎగ్జిబిషన్‌లో ఏడో తరగతి పాప అగ్నిపర్వతం పెట్టింది. వెనిగర్ పోయగానే ఎర్రటి నురగ పొంగి చార్టు మీదకీ, అక్కణ్ణుంచి నా చెప్పుల మీదకీ కారింది. "వంటసోడా కొలత భలే కుదిరిందమ్మా, ఎంతైనా ఆడపిల్లవి!" అని మెచ్చుకున్నాను. "అంకుల్, బయటికొచ్చే గ్యాస్ ఏంటో అడగరా?" అంది. అడగలేదు. నాకు తెలిస్తే కదా!

ప్రోత్సాహానికి షరతులుండాలన్నది నేను కనిపెట్టిన సంగతి కాదు. ఈ ఊళ్ళోనే, జనం ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, 1933లో కమలా భాగవత్ సీటు అడిగితే డైరెక్టర్ సి.వి. రామన్ ఆడపిల్లవని కాదన్నారు. ఆవిడ పట్టు వదలకపోయేసరికి, ఏడాది ప్రొబేషన్ మీద, మగపిల్లల ధ్యాస చెడగొట్టకూడదన్న షరతుతో చేర్చుకున్నారు. 1939లో ఆవిడ కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. ఆ షరతుల చలవే అని నా నమ్మకం. మనం సైన్సు పండగ చేసుకునేది రామన్‌గారి ఎఫెక్టు పేరనే కనుక, షరతులూ పండగలో భాగమే.

వాతావరణ శాస్త్రవేత్త అన్నా మణి సంగతే చూడండి. ఎనిమిదో పుట్టినరోజుకి ఇంట్లోవాళ్ళు వజ్రాల దుద్దులు ఇస్తామంటే వద్దని ఎన్‌సైక్లోపీడియా అడిగింది. పెద్దయ్యాక ఇదే బెంగళూరులో, రామన్‌గారి ల్యాబులోనే, వజ్రాల మీదా కెంపుల మీదా పరిశోధన చేసి అయిదు పేపర్లు రాసింది. ఎమ్మెస్సీ లేదని మద్రాసు యూనివర్సిటీ పీహెచ్‌డీ ఇవ్వలేదు. దుద్దులు పుచ్చుకుని ఉంటే కనీసం అవైనా మిగిలేవి.

సభ అయ్యాక, కుర్చీలు సర్దుతుండగా మా అమ్మాయి వచ్చింది. "నాన్నా, నేను ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తాను."

"ఎన్నేళ్ళు?"

"అయిదు. ఇంకో ఏడాది పట్టొచ్చు."

ఇరవై మూడుకి ఆరు కలిపాను. మా ఇంట్లో లెక్కలు ఎప్పుడూ నావే.

"సాఫ్ట్‌వేర్ అయితే వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంటుంది తల్లీ. సంబంధాలవాళ్ళు కూడా అదే అడుగుతున్నారు."

"మరి ఇందాక మైకులో చెప్పిందీ?"

"అది ఊళ్ళో ఆడపిల్లల గురించమ్మా."

అది ఇంకేం మాట్లాడలేదు. ఫ్లెక్సీకి అటు చివర తను, ఇటు చివర నేను పట్టుకుని జాగ్రత్తగా మడతపెట్టాం. తేదీ పక్కన సంవత్సరం వేయించలేదు. వచ్చే ఏడాదికీ పనికొస్తుంది.