ఘాటెక్కే పికప్‌కు ఏ ఇంజను?

(కొరాపుట్ జిల్లా జయపురంలో మెకానిక్ షెడ్డు నడిపే మేనమామకూ, ఘాటు (కొండల మీది మలుపుల దారి) మీదుగా సాలూరుకు కూరగాయలు దించడానికి పికప్ కొనదలచిన మేనల్లుడికీ మధ్య సాగిన వాదం ఇది. యాంత్రిక పంపుతో డీజిలు చిమ్మే పాత పంపు ఇంజను మేలా, డీజిలును ఒకే గొట్టంలో పీడనంతో నిలవచేసి కంప్యూటర్ చెప్పినట్టు చిమ్మే కామన్ రైలు ఇంజను మేలా అన్నదే తగవు.)

మావయ్య: పాత పంపు ఇంజను బండినే వెతికి కొనుక్కో, అల్లుడూ. పంపు గానీ, డీజిలు చిమ్మే నాజిళ్ళు గానీ పాడైతే నేనే విప్పి బాగుచేయిస్తాను. కామన్ రైలు బండి దారిలో పొట్టంగి దగ్గర ఆగిపోతే, కంప్యూటర్ తగిలించి చూసే మనిషి వచ్చేదాకా నీ సరుకు ఎండలో కుళ్ళవలసిందే.

అల్లుడు: మరమ్మతు మాట నిజమే, కాదనను. కాని బండి ఆగేది ఎప్పుడో ఒకసారి. డీజిలు తాగేది ప్రతిరోజూ. బొలెరో పికప్‌లో ఒకే 2,523 సీసీ పరిమాణంతో రెండు రకాల ఇంజన్లూ వచ్చాయి కనుక, తేడా అంతా డీజిలును చిమ్మే తీరులోనే వెతకాలి. పాత పంపులో పీడనం ఇంజను వేగాన్ని బట్టి మారుతుంది. నిండు లోడుతో ఘాటు మలుపు ఎక్కుతూ ఇంజను నెమ్మదించినప్పుడు, డీజిలు సన్నని తుంపరగా విడిపోవలసిన సరిగ్గా ఆ సమయంలోనే, పీడనం తగ్గిపోతుంది. పెద్ద చుక్కలు పూర్తిగా కాలక నల్లని పొగై బయటికి పోతాయి. ఆ పొగ మనం డబ్బు పోసి కొన్న డీజిలే కదా! కామన్ రైలులో ఎక్కువ పీడనంతో డీజిలు ముందే నిలవ ఉంటుంది. ఎప్పుడు, ఎంత, ఎన్ని విడతలుగా చిమ్మాలో ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటర్) నిర్ణయిస్తుంది. అందుకే ఎక్కుడులోనే దాని లాభం బాగా తెలుస్తుంది.

మావయ్య: మరి పొగగొట్టంలో ఉండే డీపీఎఫ్ ఫిల్టరు లెక్క ఏదీ? 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్యానికి పెట్టిన కొత్త ప్రమాణం) బండ్లలో మసిని పట్టే ఆ ఫిల్టరు నిండితే, దానిని కాల్చడానికి అదనంగా డీజిలు ఖర్చవుతుంది. సంతల మధ్య చిన్న తిరుగుళ్ళకు అది సరిగా వేడెక్కదు. ఇక డీజిలులో నీరు చేరిందంటే, దానిని చిమ్మే ఇంజెక్టర్లు పోతాయి. వాటి ఖర్చుతో నువ్వు మిగిల్చిందంతా చెల్లు.

అల్లుడు: ఇంజెక్టర్ల విషయంలో మీకు జవాబు చెప్పలేను. డబ్బాల్లో దొరికే డీజిలు పోసేవాడు, డీజిలు ఫిల్టరులో చేరిన నీటిని బయటికి వదలనివాడు ఆ బండి కొననే కూడదు. నా బండి మాత్రం రోజూ ఘాటు ఎక్కుతుంది కనుక, డీపీఎఫ్‌కు వేడి చాలదన్న భయం లేదు.

మావయ్య: దిగేటప్పుడు న్యూట్రల్ చేసి వదిలితే పాత బండి కూడా డీజిలు తాగదు.

అల్లుడు: ఆ మాట కుర్ర డ్రైవర్ల ముందు అనకండి, మావయ్యా! న్యూట్రల్‌లో ఇంజను ఆగకుండా తిరగడానికి డీజిలు కాలుతూనే ఉంటుంది. గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలితే చక్రాలే ఇంజనును తిప్పుతాయి, డీజిలు ఆగిపోతుంది. మీ పాత పంపులో డీజిలు పాళ్ళను అదుపుచేసే గవర్నరు చేసేదీ అదే. న్యూట్రల్‌లో బరువంతా బ్రేకులపై పడి, అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి.

మావయ్య: మా తరం డ్రైవర్లు ఎందరో అలాగే దించారు.

అల్లుడు: లోయలో పడిన బండ్లను పైకి లాగించడానికి వెళ్ళినవారు మీరే కదా.

మావయ్య: సరే, న్యూట్రల్ మాట ఇక ఎత్తను. కామన్ రైలే కొనుక్కో. కాని డీజిలు ఫిల్టరులో నీరు చూడకుండా నా షెడ్డు ముందు నుంచి బండి ఘాటుకు కదలదు.