కంచె వేస్తే చెరువు బతికినట్టేనా?

నల్గొండ దగ్గర మా ఊరి చెరువు శిఖానికి, అంటే నీళ్లు నిలిచే నేలకు, కంచె వేసి నాలుగేళ్లయింది. పశువులను తోలరాదు, గడ్డి కోయరాదు అని బోర్డు కూడా పెట్టారు. మొన్న కట్ట మీద నిలబడి చూస్తే నీళ్లే కనబడలేదు. తూము దగ్గర మొదలైన జమ్ము అలుగు దాకా పాకింది. మధ్యలో గుర్రపుడెక్క, ఒడ్డున సర్కారు తుమ్మ. ఫొటో పంపితే ఒక పెద్దమనిషి ఎంత పచ్చదనమో అని మురిసిపోయారు. పచ్చగా ఉన్నదల్లా ఆరోగ్యమైతే పచ్చకామెర్లు కూడా ఆరోగ్యమే!

మా చిన్నప్పుడు ఆ చెరువును కాపాడినవాళ్లకు కాపాడుతున్నామన్న సంగతే తెలియదు. జమ్ము కోసి గుడిసెలు కప్పుకున్నారు, తుంగ కోసి చాపలు అల్లారు. నీళ్లు తగ్గగానే బర్రెలు దిగేవి. ఎండాకాలం పూడికమట్టి బండ్లకెక్కి చెలకలకు పోయేది. ఆ కోతకూ మేతకూ మధ్య కలువకూ తామరకూ చోటు దొరికేది. ఇప్పుడు కప్పులన్నీ రేకులు, చాపలన్నీ ప్లాస్టిక్. పైగా ఊరి మురుగంతా చెరువులోకే. ఆ ఎరువుకు జమ్ము, డెక్క బలిసి మిగతా మొక్కలకు వెలుతురు అందకుండా చేస్తాయి.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల మడుగుల్లో 1982లో మేత నిషేధించారు. ఎదురు తిరిగిన ఊరివాళ్ల మీద కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. తీరా బర్రెల నోటికి అందని నీటిగడ్డి మడుగులను కమ్మేసింది. బర్రెల మేత మేలే చేసేదని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ దీర్ఘకాల అధ్యయనంలో తేలింది. అప్పటికి పోయిన ప్రాణాలు పోయాయి.

ఇంగ్లండ్‌లో వికెన్ ఫెన్ అని ఒక చిత్తడి నేల ఉంది. కుళ్లీ కుళ్లని మొక్కలు పొరలుగా పేరుకున్న చోటు. నేషనల్ ట్రస్ట్ అనే పరిరక్షణ సంస్థ అక్కడ మొదటి నేల ముక్క కొన్నది 1899లో. వందల ఏళ్లుగా తుంగజాతి గడ్డి కోసుకున్న జనం, గిరాకీ పోయి కోత తగ్గించగానే పొదలు కమ్ముకున్నాయి. చివరికి పొదలు నరికి, మళ్లీ కోయించి, గుర్రాలను తెచ్చి మేపుతున్నారు.

కంచె పీకేయమనడం లేదు, కబ్జాదారులను ఆపడానికి అది ఉండాల్సిందే. గేటు తాళంచెవి మాత్రం బెస్తవారికీ, పశువుల కాపరులకూ ఇవ్వండి. జమ్మును ఏటా ఒక పక్కే కోయించండి, మిగిలినదానిలో నీటికోళ్లు గూళ్లు పెడతాయి. మురుగు కాలువ మళ్లించకపోతే ఇదంతా దండగ, డెక్క మళ్లీ వస్తుంది.

అర్జీ రాశాను. ఆదివారం పొద్దున కట్ట మీద రావిచెట్టు కింద ఉంటాను, వచ్చి సంతకం చేయండి.